దిబ్బ మీది గొడుగులు, తమ్ముడి నమ్మకాలు

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. నాన్న వరి సాగు చేస్తారు. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి ఇంట్లోనే ఉన్నాడు. రెండుసార్లు పోటీ పరీక్ష తప్పాక గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. రాత్రంతా ఫోనులో పుట్టగొడుగుల వీడియోలు చూస్తాడు. శిలీంధ్రాలకు తెలివి ఉందట, అడవిలో చెట్లు వాటి ద్వారా మాట్లాడుకుంటాయట, మత్తు పుట్టగొడుగులు తినడం వల్లే కోతి మనిషయిందట, మన ఋషుల సోమరసం కూడా అదేనట. మొన్నటి వానలకు మా పశువుల దిబ్బ మీద మొలిచినవాటిని ఫొటోలు తీసి ఎవరికో పంపాడు. ‘ఇవే అవి. ఒక్కసారి తింటే మనసు బాగుపడుతుంది. కేరళ కోర్టు కూడా తప్పు కాదంది’ అంటున్నాడు. నాన్నకు చెబితే కొడతారేమోనని భయం. నాన్న తమ్ముడికి పాతికేళ్ల వయసులో మతి చలించి చాలాకాలం వైద్యం జరిగింది. మా తమ్ముడు చెప్పేదాంట్లో నిజం ఎంత? వాడితో ఏమని మాట్లాడాలి?
– ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీ తమ్ముడి ప్రశ్నలు పనికిమాలినవి కావు. వాటి మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అయితే వాదనకు తొందర లేదు, దిబ్బకు ఉంది. అందుకని అదే ముందు.

ఈశాన్య రుతుపవనాల వానలకు మన జిల్లాలో పశువుల దిబ్బల మీద, గడ్డి కుళ్లిన చోట, చేనిగట్ల మీద రకరకాల గొడుగులు లేస్తాయి. వాటిలో మత్తు కలిగించే రకం ఉండే అవకాశం నిజంగానే ఉంది. సైలోసిబె క్యూబెన్సిస్ అనే జాతిని 1906లో క్యూబాలో దొరికిన నమూనాతో గుర్తించారు గానీ, వెచ్చగా ఉండి పశువులు మేసే దేశాలు చాలావాటిలో అది పేడ మీద మొలుస్తుంది. కాబట్టి ‘అలాంటిదేమీ లేదు’ అని కొట్టిపారేయకండి. అతను ఫోను తీసి చూపిస్తాడు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలకూ విలువ ఉండదు. అతనికి తెలియవలసింది వేరు. అదే వానకు, అదే చుట్టుపక్కల, చూడటానికి దగ్గరగా ఉండే ఇతర జాతులూ మొలుస్తాయి. పచ్చికబయళ్లలో తెల్లగా పెద్దగా లేచే క్లోరోఫిల్లమ్ తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలతో మనిషి వడలిపోతాడు. అది నయం, వెంటనే తెలిసిపోతుంది. గోధుమరంగు టోపీలున్న కొన్ని చిన్న గొడుగుల్లో అమటాక్సిన్లనే విషాలుంటాయి. అవి తిన్నవారికి మొదటి ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మర్నాటికి తగ్గినట్టుంటుంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకునే ఆ సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కామెర్లు బయటపడేసరికి వైద్యుల చేతిలో మిగిలేది తక్కువ. ఉడికించినా ఎండబెట్టినా ఈ విషం పోదు. వెండి చెంచా నల్లబడితే విషమని, పురుగు తిన్నది మనమూ తినవచ్చని చెప్పుకునేవి పరీక్షలు కావు. ఫొటో చూసి ‘అదే’ అని చెప్పే అపరిచితుడు అంతకంటే ప్రమాదం. టోపీ అడుగున రాలే పొడి రంగు, సూక్ష్మదర్శినిలో దాని ఆకారం చూడనిదే నిపుణులు కూడా చాలా జాతుల పేరు చెప్పరు.

ఆ దిబ్బను ఈ వారమే పొలానికి తోలించండి. ఎలాగూ తోలవలసిందే, ఎవరికీ కారణం చెప్పనక్కరలేదు. అప్పటికే తిన్నాడని అనుమానం వస్తే, బాగానే ఉన్నాడు కదా అని కూర్చోవద్దు. 108కు ఫోను చేయండి. ఎన్ని గంటలకు తిన్నాడో రాసిపెట్టండి. మిగిలిన ముక్కలను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక కోర్టు సంగతి. సైలోసిబిన్, అంటే ఈ గొడుగుల్లోని మత్తు పదార్థం, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. కేరళ హైకోర్టు 2025లో ఒక బెయిలు కేసులో అన్నది, పట్టుబడిన గొడుగుల మొత్తం బరువును మత్తుమందు బరువుగా లెక్కకట్టకూడదని. ఎంత సైలోసిబిన్ ఉందో చూడాలంది గానీ, దగ్గర ఉంచుకోవడం తప్పు కాదనలేదు. ఉద్యోగాల కోసం పరీక్షలు రాసే కుర్రవాడికి ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు తెలివి సంగతి. ఇక్కడ నాకు మీ తమ్ముడి మీద సానుభూతి ఉంది, ఎందుకంటే శిలీంధ్రాలు చేసే పనులు చూస్తే ఎవరికైనా ఆ అనుమానం వస్తుంది. అవి మొక్కలు కావు. 1969లో విటేకర్ అనే శాస్త్రవేత్త జీవులను అయిదు రాజ్యాలుగా విడదీసినప్పుడే వాటికి విడిగా ఒక రాజ్యం దక్కింది. వంశవృక్షం తీస్తే మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలని ఆ తర్వాత తేలింది. మనకు కనిపించే గొడుగు కొద్దిరోజుల ముచ్చట మాత్రమే. అసలు జీవి మట్టిలోనో కలపలోనో అల్లుకున్న సన్నని దారాల వల. అమెరికాలోని ఒరెగాన్ అడవిలో ఒక ఆర్మిలేరియా శిలీంధ్రం ఏకంగా సుమారు తొమ్మిదిన్నర చదరపు కిలోమీటర్ల మేర ఒకే జీవిగా పరుచుకుని ఉంది. దాని వయసు రెండువేల ఏళ్లకు పైమాటేనని అంచనా.

వీడియోలు సాధారణంగా నాలుగు ప్రయోగాలను కలిపి చూపిస్తాయి. మీ తమ్ముడూ అవే చూసి ఉంటాడు. ఒకటి, జపాన్‌లో నకగాకి బృందం 2000లో చేసింది: పసుపుపచ్చని జిగురు లాంటి జీవి ఒకటి చిక్కుదారిలో దగ్గరి బాట కనిపెట్టింది. బ్రహ్మాండమైన ప్రయోగమే. కానీ ఆ జీవి శిలీంధ్రం కాదు, జిగురుబూజు అనే వేరే తెగ. రెండోది, 2022లో ఆడమాట్స్కీ అనే శాస్త్రవేత్త పుట్టగొడుగుల్లో విద్యుత్ స్పందనలు కొలిచి, వాటిని మాటలుగా విడదీస్తే యాభై దాకా పదాలు వస్తాయన్నారు. స్పందనలు ఉన్న మాట నిజం. వాటిని పదాలనడం ఆయన ఊహ. తోటివారు చాలామంది ఒప్పుకోలేదు. మూడోది, చెట్ల ముచ్చట్లు. కెనడాలో సుజేన్ సిమార్డ్ 1997లో రెండు జాతుల మొక్కల మధ్య కార్బన్ అటూ ఇటూ వెళ్లిందని చూపించారు. వేళ్లను కలిపే శిలీంధ్రాల వల ద్వారా అది జరిగి ఉండవచ్చన్నారు. దాని మీద ‘తల్లిచెట్లు పిల్లలను సాకుతాయి, ప్రమాదం వస్తే కబురు పంపుతాయి’ అనే దాకా కథ పెరిగింది. 2023లో ఇదే రంగంలో పనిచేసే ముగ్గురు శాస్త్రవేత్తలు క్షేత్రపరిశోధనలన్నీ తిరగేసి, ప్రచారంలో ఉన్న మాటలకు అడవిలో దొరికిన ఆధారాలు చాలవని తేల్చి రాశారు. వల లేదని కాదు. వల ముచ్చట్లు చెబుతుందనడానికి రుజువు లేదని.

నాలుగోది నాకు ఇష్టమైనది. జపాన్ పరిశోధకుడు ఫుకసావా, బ్రిటన్ శాస్త్రవేత్త లిన్ బోడీ బృందం 2020లో చూపించింది. కలపముక్కలో పెరుగుతున్న శిలీంధ్రానికి ఒక పక్కన కొత్త కలప పెట్టారు. అది వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంది. తర్వాత పాత ముక్కను తీసి, అంటుకున్న దారాలన్నీ తుడిచేసి, కొత్త మట్టి మీద పెట్టారు. మళ్లీ పెరిగేటప్పుడు, మునుపు ఏ పక్కన తిండి దొరికిందో ఆ పక్కకే ఎక్కువగా పెరిగింది. మెదడు లేదు, నరం లేదు, అయినా జరిగినదాని జాడ ఏదో లోపల మిగిలింది. దీన్ని జ్ఞాపకమంటారా అంటే, అనుకోవచ్చు, పెద్ద అర్థాలు తీయనంతవరకు.

కానీ మీ తమ్ముడికి ఒరెగాన్, జపాన్ ఎందుకు? మీ చేలోనే ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. మీ నాన్నగారు దానితో ఎన్ని పంటల పాటు పోరాడారో అడగండి. ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. కంకి దశలో వస్తే మెడవిరుపు. అగ్గితెగులే. రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, యూరియా కాస్త ఎక్కువ, ఈ మూడూ కలిస్తే చేను చేనంతా కాలినట్టవుతుంది. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో రూపొందించిన రకాలకు పేరు వచ్చిన కారణాల్లో ఈ తెగులును తట్టుకోవడం ఒకటి.

ఆ తెగులు తెచ్చే మాగ్నపోర్తే అనే శిలీంధ్రం ఏం చేస్తుందో చూడండి. గాలిలో వచ్చిన సిద్ధబీజం, అంటే శిలీంధ్రానికి విత్తనం లాంటిది, తడి ఆకు మీద వాలగానే కొసనుంచి జిగురు వదిలి అతుక్కుంటుంది. రెండు గంటల్లో సన్నని మొలక తీస్తుంది. ఆ మొలక తాను పాకుతున్నది గట్టిదా మెత్తనిదా, మైనం పూసినట్టు నీళ్లు అంటనిదా కాదా పసిగడుతుంది. చుట్టూ తినడానికి పోషకాలు ఉంటే ముందుకు పాకడమే తప్ప వేరే పని పెట్టుకోదు. ఏమీ లేకపోతే, కింద గట్టిగా నున్నగా ఉంటే, అప్పుడు కొస ఉబ్బి గుండ్రటి గుబ్బగా మారుతుంది. గుబ్బ గోడకు నల్లని మెలనిన్ పూత పట్టిస్తుంది. లోపల గ్లిజరాల్ నింపుకుంటుంది. గ్లిజరాల్ నీటిని లాగుతుంది. నల్లపూత వల్ల గ్లిజరాల్ బయటికి పోలేదు. ఒత్తిడి పెరుగుతూ పోయి దాదాపు ఎనభై వాతావరణ పీడనాలకు చేరుతుంది, కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి నలభై రెట్లు. ఆ బలంతో అడుగునుంచి సన్నని మేకు లాంటిది ఆకులోకి దిగుతుంది. ఈ లోగా తనలో ఉన్నదంతా గుబ్బకు పంపేసిన మొదటి బీజం చచ్చిపోతుంది. మీ నాన్నగారు పిచికారి చేసే ట్రైసైక్లజోల్ దెబ్బతీసేది ఆ నల్లపూతనే. పూత లేనిదే ఒత్తిడి నిలవదు, మేకు దిగదు.

‘ఇంత లెక్క వేసుకునేది తెలివి కాక ఏమిటి?’ అని మీ తమ్ముడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు ఒక ప్లాస్టిక్ ముక్క. అదే బీజాన్ని నీటిబొట్టులో నున్నని ప్లాస్టిక్ మీద వేయండి. అక్కడా మొలక తీస్తుంది, గుబ్బ కడుతుంది, నల్లపూత పూస్తుంది, ఒత్తిడి పెంచుతుంది, తనను తాను చంపుకుంటుంది. ఆకు లేదు, వరి లేదు, కింద ఉన్నది ప్లాస్టిక్. గట్టిగా, నున్నగా, నీళ్లు అంటకుండా ఉంటే చాలు, మిగతాది దానంతట అది జరిగిపోతుంది. మనుషులమూ మోసపోతాం కదా అని అతను అనవచ్చు. అంటే సంతోషించండి, అతను ఆలోచిస్తున్నాడు. మనిషి ఒకసారి మోసపోతే రెండోసారి తడిమి చూస్తాడు. ఈ బీజానికి రెండోసారి లేదు. మరి ఇంత నేర్పు ఎక్కడిదంటే, ఆ బీజానిది కాదు. సరిగా పట్టుకోలేని బీజాలు కోట్లకొద్దీ రాలిపోగా మిగిలిన వంశానిది. దీన్నే ప్రకృతి వరణం అంటాం. ఆలోచించేవారు ఎవరూ లేకుండానే, ఆలోచించి చేసినంత చక్కగా పని జరుగుతుంది. నన్నడిగితే శిలీంధ్రాలకు మనసు ఉందనుకోవడంకంటే ఇదే పెద్ద విడ్డూరం.

మీ పొలిమేరలో పుట్టల దగ్గర లేచే గొడుగులూ అంతే. ఆ శిలీంధ్రాన్ని చెదలు తమ పుట్టలో మడులు కట్టి పెంచుతాయి. తిన్న పుల్లను, ఆకును విసర్జించి దానికి ఎరువు వేస్తాయి, అది అరగదీసి పెట్టినదాన్ని తింటాయి. ఈ వ్యవసాయం మొదలై సుమారు మూడు కోట్ల ఏళ్లు. చెదలు పెంచుతున్నాయా, శిలీంధ్రమే చెదల చేత పని చేయించుకుంటున్నదా అని సరదాగా వాదించుకోవచ్చు. ఎవరి బుర్రలోనూ పథకం లేదు.

ఈ మాటను పట్టుకునే రెండో ప్రశ్నకు వెళదాం, కోతి నుంచి మనిషి. ఈ వాదం ప్రచారంలోకి వచ్చింది అమెరికన్ రచయిత టెరెన్స్ మెకెన్నా వల్ల, 1992లో వెలువరించిన పుస్తకంతో. ఆఫ్రికాలో అడవులు పలచబడి గడ్డిమైదానాలు పెరిగాయి, మన పూర్వీకులు పశువుల మందల వెంట తిరిగారు, పేడ మీది గొడుగులు తిన్నారు, కాస్త తింటే చూపు పదునై వేట బాగా సాగింది, ఇంకాస్త తింటే కామం పెరిగి సంతానం పెరిగింది, ఎక్కువ తింటే మాట, మతం, కళ పుట్టాయి అని ఆయన కథ. చెప్పిన తీరు బాగుంటుంది. ఆయన మాటకారి. శాస్త్రవేత్త కాదు.

చూపు సంగతికి ఆయన ఆధారం రోలండ్ ఫిషర్ అనే పరిశోధకుడు 1970 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు. ఫిషర్ చూసింది సైలోసిబిన్ తీసుకున్నవారికి కంటిముందున్న స్థలం ఎలా వంకరపోతుంది, గీతలు ఎలా వంగినట్టు కనిపిస్తాయి అన్నది. చూపు తీరు మారిందని ఆయన చూపించారు, వేటగాడి చూపు మెరుగుపడిందని కాదు. చెట్టు వంగినట్టు కనిపించేవాడు సింహం తిరిగే మైదానంలో ఎంతకాలం బతుకుతాడో మీరే ఊహించండి.

కాలం లెక్క కూడా కుదరదు. సుమారు 30 లక్షల ఏళ్ల క్రితపు మన పూర్వీకుల మెదడు 450 ఘనసెంటీమీటర్లు, మనది 1350 ప్రాంతం. ఈ పెరుగుదల ఒక రాత్రి మెరుపులా రాలేదు, లక్షల ఏళ్లమీద, రకరకాల జాతుల మీదుగా వచ్చింది. దీనికి సాక్ష్యం చూడటానికి ఆఫ్రికా పోనక్కరలేదు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారికి పడమటగా, తిరువళ్లూరు జిల్లాలో అత్తిరంపాక్కం ఉంది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1863లో అక్కడ రాతి పనిముట్లు గుర్తించారు. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని ఇటీవలి పరీక్షల్లో తేలింది. ఆ చేతిగొడ్డళ్ల తీరు పది లక్షల ఏళ్లకు పైగా పెద్దగా మారలేదు. అదే చోట పనితనంలో మార్పు కనిపించేది 3,85,000 ఏళ్ల క్రితం నుంచి. మహా జ్ఞానాన్నిచ్చే మందు దిబ్బల మీద దొరుకుతూ ఉండి ఉంటే, తాతముత్తాతల గొడ్డలినే అన్ని లక్షల ఏళ్లు చెక్కుతూ కూర్చునేవారా?

మన పూర్వీకులు పుట్టగొడుగులు తినలేదని నేననడం లేదు. స్పెయిన్‌లో సుమారు 19 వేల ఏళ్ల నాటి ఒక స్త్రీ పళ్ల గారలో వాటి సిద్ధబీజాలు దొరికాయి. చింపాంజీలు, గొరిల్లాలు కూడా శిలీంధ్రాలు తింటాయి. అవి ఇప్పటికీ చింపాంజీలు, గొరిల్లాలే. మత్తు రకాలు తిన్నారనడానికి వీడియోల్లో తరచుగా చూపించేది అల్జీరియాలోని తస్సిలి గుహచిత్రాలు, ఒంటినిండా గొడుగుల్లాంటివి మొలిచిన బొమ్మ. అవి గొడుగులో, బాణాలో, మరేమిటో ఎవరూ తేల్చలేదు. తేల్చినా లాభం లేదు. ఆ బొమ్మలు కొన్ని వేల ఏళ్ల నాటివి. మొరాకోలో దొరికిన మన జాతి ఎముకలకు మూడు లక్షల ఏళ్లు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. గొడుగు తిన్న తండ్రికి గొప్ప దర్శనాలు కలిగాయనే అనుకుందాం. ఆ దర్శనాలు కొడుక్కు జన్యువుల్లో రావు. పెద్ద మెదడు వంశంలో నిలవాలంటే, గొడుగు తినేవారిలో పెద్ద మెదడు ఉన్నవారే ఎక్కువ పిల్లలను కని బతికించాలి, అది వేల తరాలు జరగాలి. దానికి ఒక్క ఆధారం లేదు. మనిషి మెదడు బరువు ఒంట్లో రెండు శాతం, తినేది మొత్తం శక్తిలో అయిదో వంతు. ఆ తిండి ఎక్కడినుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. రిచర్డ్ రాంగమ్ అనే శాస్త్రవేత్త నిప్పుమీద వండుకోవడం వల్ల వచ్చిందంటారు. మాంసం వల్లనని కొందరు, దుంపల వల్లనని కొందరు. ఇవన్నీ కూడా వాదంలో ఉన్నవే. కానీ వీటికి బూడిద, ఎముక, పన్ను అనే సాక్షులున్నారు, తప్పయితే తప్పని తేలే వీలుంది. మెకెన్నా కథకు ఆ వీలే లేదు. మేధావులను పుట్టించేది పేడ మీది గొడుగే అయితే, తరతరాలుగా ఒంగోలు గిత్తల వెంట తిరిగిన మన కాపరులకు చేసిన మేలేమిటి? వారి తెలివి పశువును, మేతను, వానను చూసి వచ్చింది. ఆ గిత్తల సంతతినే బ్రెజిల్ తీసుకెళ్లి మన ఊరిపేరుతో నెలోర్ అని పిలుస్తూ దేశమంతా నింపుకున్నారు. అక్కడి పేడ మీదా క్యూబెన్సిస్ మొలుస్తుంది. కొత్త జాతి మనుషులెవరూ లేవలేదు.

సోమరసం మాట కూడా విదేశం నుంచి వచ్చిందే. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకు ఉద్యోగి 1968లో సోమం అంటే ఎర్రటోపీ మీద తెల్లచుక్కలున్న అమనీటా అనే పుట్టగొడుగని వాదించారు. అది చలిప్రాంతాల్లో భూర్జం, దేవదారు వంటి చెట్ల కింద పెరుగుతుంది. పైగా అందులో సైలోసిబిన్ ఉండనే ఉండదు, దాని మత్తు వేరు. కాబట్టి మీ తమ్ముడు రెండు వేరువేరు కథలను కలిపేశాడు. ఋగ్వేదం తొమ్మిదో మండలంలో సోమలత కాడలను రాళ్లతో నూరడం, ఉన్ని జల్లెడలో వడకట్టడం, పాలు కలపడం కనిపిస్తాయి. పండితులు చాలామంది ఎఫెడ్రా అనే పొద వైపు మొగ్గుతారు.

ఇదే గోర్డన్ వాసన్ 1957లో మెక్సికో కొండల్లో మరియా సబీనా అనే మసాటెక్ తెగ వైద్యురాలు జరిపే గొడుగుల పూజ గురించి పత్రికలో రాసి లోకానికి తెలిపారు. మరుసటి ఏడాదే స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్మన్ ఆ గొడుగుల నుంచి సైలోసిబిన్ వేరుచేశారు. ఆ ఊరికి విదేశీయులు గుంపులుగా వచ్చిపడ్డారు. సొంత ఊరివాళ్లే ఆమెను వెలివేసి ఇల్లు తగలబెట్టారు. రోగులను నయం చేయడానికి వాడేదాన్ని వీళ్లు దేవుణ్ని చూడటానికి వాడుతున్నారని ఆమె బాధపడింది. ఈ ముక్క వీడియోల్లో తక్కువగా వస్తుంది.

తెలివైన కుర్రవాళ్లు కూడా ఈ రెండు నమ్మకాలను కలిపి ఎందుకు నమ్ముతారో నాకు తోచింది చెబుతాను. సైలోసిబిన్ ఒంట్లో సైలోసిన్‌గా మారి మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం పనిచేసే చోట పట్టుకుంటుంది. అప్పుడు ఎదుట ఎవరో ఉన్నట్టు, ఏదో మహాజ్ఞానం తనతో మాట్లాడుతున్నట్టు చాలామందికి అనిపిస్తుంది. బయటికి వచ్చి ‘గొడుగుకు తెలివి ఉంది, అది నాకు చెప్పింది’ అంటారు. ఆ అనుభవం అబద్ధం కాదు. కానీ తాగినవాడు సారాకు ఇచ్చే యోగ్యతాపత్రాన్ని ఏ కోర్టులో చెల్లనిస్తారు?

ఇక మీ ఉత్తరంలో మీరు దాటేసి పోయిన వాక్యం దగ్గరికి వస్తాను. ‘ఒక్కసారి తింటే మనసు బాగుపడుతుంది’ అన్నాడు మీ తమ్ముడు. అంటే ఇప్పుడు బాగాలేదని. రెండుసార్లు పరీక్ష తప్పాడు, గది వదలడు, రాత్రి నిద్రపోడు. అతను మానవ పరిణామం గురించి కాదు, తన గురించి మాట్లాడుతున్నాడని నా అనుమానం. మందులకు లొంగని కుంగుబాటుకు సైలోసిబిన్ పనికొస్తుందేమోనని నిజంగానే పరిశోధనలు జరుగుతున్నాయి. 2022లో ప్రచురితమైన ఒక పరీక్షలో 233 మందిలో 25 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి మూడు వారాల దగ్గర, నామమాత్రపు మోతాదు తీసుకున్నవారికంటే బాగా మెరుగు కనిపించింది. తలనొప్పి, వికారం, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా నమోదయ్యాయి. అక్కడ ఇచ్చింది ప్రయోగశాలలో తయారుచేసిన శుద్ధమైన మందు, కొలిచిన మోతాదు, పక్కన గంటల తరబడి శిక్షణ పొందిన మనుషులు. అంతకంటే ముఖ్యం, తమకు గానీ దగ్గరి రక్తసంబంధీకులకు గానీ మతి చలించిన చరిత్ర ఉంటే ఇలాంటి పరీక్షల్లో సాధారణంగా చేర్చుకోరు. ఆ మందు అలాంటివారిలో జబ్బును లేపవచ్చన్న భయంతో. మీ చిన్నాన్నగారి సంగతి మీ తమ్ముడికి పూర్తిగా తెలుసా? చాలా ఇళ్లలో పిల్లలకు చెప్పరు. మీరు చెప్పండి, దాచకుండా, ఏ వయసులో మొదలైందో, ఎలా మొదలైందో. అతనిదీ ఇంచుమించు ఆ వయసే.

ఫోనులో కాదు, ఆదివారం ఇంటికి వెళ్లి మాట్లాడండి. గొడుగులతో మొదలుపెట్టకండి. నిద్ర పడుతోందా, తిండి సహిస్తోందా, బతకాలని లేదనిపిస్తోందా అని నేరుగా అడగండి. ఆ చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు. అవునంటే ఆ రోజు అతన్ని ఒంటరిగా వదలవద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. నెల్లూరులో మీ దగ్గర నాలుగు రోజులు ఉంచుకుని మానసిక వైద్యునికి చూపించండి. కుంగుబాటుకు పనిచేసే మందులు, మాటలతో చేసే వైద్యం ఇక్కడే ఉన్నాయి.

నాన్నగారికి ఇప్పుడే దిబ్బ కథ చెప్పవద్దు. తమ్ముడికి నిద్ర లేదు, డాక్టరుకు చూపిస్తున్నాను అని మాత్రం చెప్పండి. చెయ్యి చేసుకునే మనిషే అయితే మొదటి మాటలు మీ సమక్షంలోనే జరగనివ్వండి.

అతనికి నెమ్మది చిక్కాక, శిలీంధ్రాల మీద ఆసక్తి ఇంకా ఉంటే, దాన్ని చంపకండి. చదివిన కళాశాలలో సూక్ష్మదర్శిని వాడుకోనిస్తారేమో అడగమనండి, నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూపేది చాలు. అగ్గితెగులు మచ్చలున్న ఆకులు ఏరి ఇవ్వమని నాన్నగారిని అడగమనండి, ఆ మచ్చను ఆయనకంటే బాగా గుర్తుపట్టేవారు ఆ ఇంట్లో లేరు. తడి కాగితం పరిచిన డబ్బాలో ఆకులను ఒక రాత్రి ఉంచితే మచ్చల మీద సిద్ధబీజాలు ఊరతాయి. వాటిని నీటిబొట్టులోకి దులిపి పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క మీద వేసి, ఆరిపోకుండా మూతపెట్టాలి. మూడు గదులున్న బేరిపండు ఆకారం కనిపిస్తే అవే. రెండు గంటలకు మొలక, ఆరేడు గంటలకు గుబ్బ, మర్నాటికి నల్లపూత కనబడాలి. రెండో ముక్క మీది బొట్టులో ట్రైసైక్లజోల్ మందునీళ్లు చుక్క కలిపితే గుబ్బ వస్తుంది, నలుపు రాదు. చేతులకు తొడుగులు వేసుకోమనండి, మందునీళ్లు కలిపిన గిన్నె వంటింటిది కాకూడదు. పని అయ్యాక ఆకులను దిబ్బలో పడేయకుండా కాల్చేయాలి, లేకపోతే ఆ బీజాలు మళ్లీ మీ చేలోకే వస్తాయి.